దుబాసీ వాంగ్మూలం

దొరగారి కచేరీలో దుబాసీని నేను, పేరు మొహాపి.
నెలకి మూడు పౌన్లు, ఒక ఖాకీ కోటు,
రెండు భాషల మధ్య నిలబడ్డానికి అడుగు చోటు.

ఆమెని మాపొలేలో అనేవారు, పొలేలో తల్లి అని.
పొలేలో అంటే మా సెసోతోలో మాట.
ఆ కూతురు పాలు మరవకముందే పోయింది.
పేరు మాత్రం తల్లిని అంటిపెట్టుకుంది.

గద్దె సవతి కొడుకుది. మొఖేలే, పదకొండేళ్ళు,
గుర్రమెక్కితే రికాబు అందని కాళ్ళు.
వాడు ఎదిగేదాకా ఈమె మొత్స్వారెల్లి.
రాణి కాదు. ఇంకొకరిది పట్టుకుని నిలబడ్డ మనిషి.
సంతలో ఎవరిదో మూట చేతికిచ్చి వెళ్ళినట్టు
దించకూడదు, విప్పి చూడకూడదు.

మరిది సెఖోబే తన దుప్పటి కిందికి రమ్మన్నాడు,
ఆచారమే అన్నాడు.
"నా దుప్పటి నాకు వెచ్చగానే ఉంది" అంది.
అప్పట్నించి అతని ఉత్తరాలు
ఆమె గుర్రం కంటే ముందే కచేరీ చేరేవి.

ఆ చలికాలం మలూతి కొండల మీద మంచు మోకాలి లోతు.
దొర కాగితం విప్పాడు:
ఇకపై మీ ఖోట్లాలో తగువులు తీర్చకూడదు.
జరిమానా పశువులు ఖజానాకి తోలాలి.
ఎగువ ఊరు సెఖోబే కింద కలపాలి.
నేను సెసోతోలోకి దించాను.
ఆమె దుప్పటి పిన్ను సర్దుకుని
"మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను. ఇంకో ముక్క చదివాడు. "మళ్ళీ చెప్పు."
ఈవిడకి చెవుడో, బుర్ర మందమో అనుకున్నాను.
దొర గడియారం చూసుకున్నాడు, కిటికీ చూశాడు,
చివరికి, వచ్చే నెల చూద్దాం అన్నాడు.

మొహోకరే ఏరు దాటేటప్పుడు
గుర్రాన్ని నా పక్కకి తెచ్చి అడిగింది:
"అందులో 'తక్షణం' అని ఉంటే
నువ్వు 'వీలైనప్పుడు' అన్నావు.
ఎవరి మీద జాలి మొహాపీ, నా మీదా, నీ మీదా?"

నా చేతిలో కళ్ళెం జారింది.
మిషన్ బడిలో ఏడేళ్ళు చదివిందట.
బల్లకి ఇవతల కూర్చుని
తలకిందులుగా ఉన్న అక్షరాలు చదివేస్తుందట.
"మరి రెండుసార్లు ఎందుకమ్మా?"
"మొదటిసారి కాగితం వింటాను,
రెండోసారి ఆయన మొహం.
జొన్నలు నానకుండా బీరవుతుందా?"

అలా నానబెట్టింది తొమ్మిదేళ్ళు.
దొరలు ముగ్గురు మారారు. ఒకాయన కుక్క
ఆమె అడుగుల చప్పుడుకే బల్ల కింద దూరేది.
అన్నీ నిలబెట్టిందని చెప్పను.
నాలుగో ఏట ఎగువ ఊరు పోనే పోయింది.
వాళ్ళు వెళ్తూ వెళ్తూ తలతిప్పి చూడలేదు.
ఆ రాత్రి పశువుల దొడ్డిగోడ పక్కన
ఆమె ఒక్కతే రాళ్ళు పేరుస్తూ కనపడింది,
గోడ ఎక్కడా కూలలేదు.

మొఖేలేకి ఇరవై వచ్చాయి.
రికాబు పట్టీలు మూడు బెజ్జాలు దించాడు.
పన్ను రసీదుల డబ్బా, తాళంచెవి, రాతిపీట
అతనికి అప్పగించి ఆమె నిలబడే ఉంది,
ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు.

నెల తిరక్కుండానే అతను కచేరీకి వెళ్ళాడు.
చక్కటి ఇంగ్లీషు, దుబాసీ అక్కర్లేదన్నాడు.
నేను గుమ్మం బయట కోటు గుండీలు లెక్కపెట్టుకున్నాను.
ఒక్కసారే విన్నాడు. సంతకం పెట్టేశాడు.
లోపల్నించి టీ కప్పుల చప్పుడు.

ఆ కబురు ఆమెకి చెప్పవలసింది నేనే.
పొయ్యి దగ్గర పిడకలు విరుస్తోంది.
చెప్పాను. ఒక్క మాటా మింగకుండా.

ఈమధ్య నిజంగానే చెవులు మందగించాయంటారు,
నాకు తెలీదు.
చేతిలో సగం పిడక అలాగే ఉంచుకుని
"మళ్ళీ చెప్పు" అంది.